పోయినవాళ్ల డిస్కు

ఫోటో తీసేటప్పుడు ఫజిలత్ ఆపా ఎవరినీ నవ్వమని అడగదు. "దమ్ము ఇడువు" అంటుంది. కెమెరా చూడగానే ఊపిరి బిగబట్టిన మనిషి, ఆ మాట విని ఊపిరి వదిలేసిన అరక్షణంలో బటన్ నొక్కుతుంది. పినపాక నుంచి మణుగూరు పోయే రోడ్డు మీద ఎరువుల దుకాణానికీ, పంక్చర్లు వేసే షెడ్డుకీ మధ్య ఆమె స్టూడియో. రేషన్ కార్డుకీ, జాబ్ కార్డుకీ, బ్యాంకు పుస్తకానికీ, పిల్లల హాస్టల్ సీటుకీ ఫోటో కావలసినవాళ్లంతా అక్కడికే వస్తారు. వాగు అవతలి గూడేలవాళ్లు, తండాలవాళ్లు, మా వైపు మిరప తోటలవాళ్లు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆమె ముందు ఊపిరి వదిలినవాళ్లే.

ఆమె పుట్టిల్లు మధిర. తండ్రి రైల్వే స్టేషన్ ఎదురుగా మిషన్ పెట్టుకున్న దర్జీ. పెళ్లయి ఇటు వచ్చేనాటికి స్టూడియో భర్త జహూర్ భాయ్‌ది. ఆమె పని గొడుగు లైటు పట్టుకుని నిలబడడం. తరువాత జహూర్ భాయ్‌కి చేతులు వణకడం మొదలైంది. మొదట కెమెరాకి స్టాండు కొన్నారు. తరువాత బటన్ నొక్కే పని ఆమెకి వచ్చింది. చివరికి ఆయనకి కౌంటరూ, వచ్చినవాళ్లతో కబుర్లూ మిగిలాయి. "నేను తీసిన ఫోటోల్ల మనిషికి రెండు ముక్కులు వస్తున్నయని ఉద్యోగం పీకేసింది" అని భార్యని చూపించి ఆయనే నవ్వుతాడు. ఆపా మామూలప్పుడు ఇక్కడి మాటే మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం మధిర మాట బయటికొస్తుంది. "ఏంటండీ మీ గోల" అందంటే జహూర్ భాయ్ లేచి బయటికి వెళ్లిపోతాడు.

ఆమె తీసిన ఫోటో ఏదీ చెరపదు. పాస్‌పోర్ట్ సైజుకి కత్తిరించి ఇచ్చినా, కత్తిరించకముందు ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌లో ఉంటుంది. తొలి డిజిటల్ కెమెరా కొన్న నాటి నుంచీ, ఏ ఏడాది ఏ నెలలో తీసిందో ఆ నెల ఫోల్డర్‌లో. మా దగ్గర చాలామందికి జీవితంలో దిగిన ఫోటో అదొక్కటే. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. "మా నాయిన జాబ్ కార్డు ఫోటో ఉండె కదా ఆపా, జర పెద్దగ చేసియ్యి" అంటారు. ఆమె వాళ్లని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని, వాళ్లు చూస్తుండగానే ఆ ఫోటో పెద్దది చేస్తుంది. బొట్టు ఉంచాలా, కండువా వేయాలా, వెనక రంగు ఏది కావాలి, అన్నీ అడిగి చేస్తుంది. ఇంటివాళ్లు పక్కన లేకుండా పోయినవాళ్ల ఫోటో మీద చెయ్యి వేయదు.

ఫ్రేము కట్టి ఇచ్చిన సాయంత్రం ఇంకో పని చేస్తుంది. ఆ ఫోటోని కంప్యూటర్‌లోంచి తీసి ఒక డిస్కులోకి మారుస్తుంది. సీడీ లాంటిదే, మళ్లీ మళ్లీ రాయడానికి వీలయ్యే రకం డిస్కు అది. దాని కవరు మీద స్కెచ్ పెన్నుతో "పోయినోళ్లు" అని రాసి ఉంటుంది. బతికి ఉన్నవాళ్లు కంప్యూటర్‌లో, పోయినవాళ్లు డిస్కులో. ఈ పద్ధతికి కారణం జంపయ్య. చాలా ఏళ్ల క్రితం ఆయన బ్యాంకు కోసం తన పాత ఫోటో ఉందేమో చూడమని వచ్చాడట. ఆపా తెర మీద ఒక్కొక్కటే జరుపుతుంటే మధ్యలో ఆయన కొడుకు మొహం వచ్చింది. ఆ పిల్లవాడు గోదావరిలో పోయి అప్పటికి నాలుగు నెలలు. జంపయ్య ఆ కుర్చీలోనే పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. బ్యాంకు పని సంగతే మరిచి ఇంటికి పోయాడు. "ఆ దినమే అనుకున్న. పోయినోళ్లను బతికినోళ్ల నడుమ కూసోబెట్టొద్దు అని" అంది ఆపా నాతో.

నాతో ఎందుకు అందంటే, ఆ డిస్కు పని నా మెడకు చుట్టుకుంది కాబట్టి.

నేను లెక్చరర్ ఉద్యోగం దరఖాస్తుకి ఫోటో దిగడానికి వెళ్లాను. "దమ్ము ఇడువు ప్రియమ్మా. నువ్వు అసలు పీల్చుకోలే గదా, ఏం ఇడుస్తవ్" అని మందలించి ఫోటో తీసింది. ప్రింటు వచ్చేలోపు అడిగింది.

"ఏం చదివినవ్ బేటీ?"

"ఎం.ఏ. ఆపా."

"అయితే నీకు కంప్యూటర్ వస్తది."

"ఎం.ఏ. తెలుగు ఆపా. సాహిత్యం."

"అదే. చదువుడే కదా. ఈ డబ్బా కూడా పొద్దుగాల నుంచి ఏదో ఒకటి రాసి అడుగుతనే ఉంటది. చదివి చెప్పేటోళ్లు లేరు."

కాదనడం నాకు చేతకాదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

సంగతి ఇదీ. ఎండాకాలంలో కంప్యూటర్ మొరాయిస్తే మణుగూరులో రిపేరు షాపు పెట్టుకున్న అతీక్ దగ్గరికి పంపారు. అతీక్ జహూర్ భాయ్‌కి అక్క కొడుకు. అతను అంతా తీసి మళ్లీ కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. ఫోటోలు భద్రంగానే ఉన్నాయి కానీ, డిస్కులోకి ఎక్కించే పాత సాఫ్ట్‌వేర్ పోయింది. అది ఏళ్ల క్రితం అతీకే పెట్టింది. ఇప్పుడు దాని పేరు కూడా అతనికి గుర్తు లేదు. "పచ్చ బటన్ ఉండేది. నొక్కితే పోయేది" అన్నది ఒక్కటే ఆపా చెప్పగలిగిన ఆనవాలు. ఈ నాలుగు నెలల్లో పోయినవాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురూ ఇంకా బతికినవాళ్ల మధ్యే కంప్యూటర్‌లో ఉన్నారు. వాళ్లని ఒక వేరే ఫోల్డర్‌లో కూర్చోబెట్టింది ఆపా. అయినా ఆమెకి మనసు నిలకడగా లేదు.

"ఒక్క బటన్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఎతుకు బేటీ. కొత్తోళ్లు లోపలికి పోవాలె. పాతోళ్లు కదలొద్దు. గంతే."

పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు కదా అన్నాను. జహూర్ భాయ్ కౌంటరు దగ్గర నుంచి పకపకా నవ్వాడు. మూడేళ్ల క్రితం గోదావరి ఊళ్ల మీదికి వచ్చినప్పుడు స్టూడియోలోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. కంప్యూటర్‌ని ఆపా నెత్తిన పెట్టుకుని బడి మిద్దె ఎక్కింది. పెన్‌డ్రైవులూ, బయట పెట్టుకునే హార్డ్‌డిస్కూ, బిస్కెట్ల డబ్బాలో పెట్టిన ఈ డిస్కూ కింద ఉండిపోయాయి. నీళ్లు తగ్గాక చూస్తే పెన్‌డ్రైవ్ ఒక్కటీ పనిచేయలేదు. హార్డ్‌డిస్కులో బురద. డిస్కుని మాత్రం ఆపా మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడకి ఆరబెట్టి పెడితే అందులోవాళ్లందరూ కనిపించారు.

"పళ్లెం కడిగినట్టు కడిగిన. అందరు వచ్చిన్రు" అంది.

ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చని ఇంకో మాట అన్నాను. "ఇంటర్నెట్ ఏడుంటది?" అని అడిగింది. నిజంగానే నాకూ తెలియదు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అటువైపు కమ్లి. వాగు అవతలి తండాలో ఉంటుంది, ఇరవై ఆరేళ్లుంటాయి. గొంతు నాకు కూడా వినబడుతోంది. కొత్తిల్లు పూర్తయిందట. పై బుధవారం గృహప్రవేశమట. ఇంట్లోకి ముందుగా తల్లి ఫోటో పట్టుకుని అడుగు పెట్టాలట. పాత ఫ్రేము వరదలో గుడిసెతో పాటే పోయింది.

"మా యాడి లేకుంట కొత్తింట్లకు ఎట్ల పోత ఆపా? గా ఇల్లు గావాలె గావాలె అని సచ్చింది ఆమె. నీ తాన ఉంది కదా ఫోటో?"

"ఉంది. మంచిగ ఉంది. శుక్రవారం సంతకు రా. నీ ముంగటనే పెద్దగ చేస్త."

డిస్కు పెట్టి చూపించింది నాకు. నాలుగు వందల పన్నెండు ఫోటోలు. ఒక్కరికి కూడా సొంత పేరు లేదు. ఎవరు అడగడానికి వచ్చారో వాళ్ల పేరుతో ఉన్నారు. జంపయ్య కొడుకు. రాందాస్ భార్య. భద్రయ్య నాయిన. కమ్లి తల్లి. కమ్లి తల్లి బిగుసుకుని, కనుబొమలు పైకెత్తి చూస్తోంది. ఆమెకి మాత్రం ఊపిరి వదలడం రాలేదనిపించింది.

ఆ మంగళవారం నుంచి రోజూ పొద్దున్న వెళ్లి సాఫ్ట్‌వేర్ వెతికాను. నేను ఎం.ఏ.లో చదివిన పాఠాల్లో అర్థం కానివి చాలానే ఉన్నాయి. కానీ ఇన్ని అర్థం కాని మాటలు ఒకే చోట ఎన్నడూ చూడలేదు. మొదటి సాఫ్ట్‌వేర్ తెరవగానే ముప్పై బటన్లు. డిస్కు మూసేయాలా, తెరిచి ఉంచాలా అని అడిగింది. "తెరిచే ఉంచు. రేపు ఇంకొకరు పోతరు కదా" అంది ఆపా. తెరిచి ఉంచమంటే, ఒక విడతా, చాలా విడతలా అని అడిగింది. పోయేవాళ్లు ఎన్ని విడతల్లో పోతారో మేమెలా చెప్పగలం? ఆ సాఫ్ట్‌వేర్‌నే మూసేశాం.

రెండో సాఫ్ట్‌వేర్ మర్యాదస్తుడిలా అనిపించింది. ఏదీ అడగకుండా పని చేస్తానంది. ఉత్త ఫోల్డర్‌లో నా దరఖాస్తు ఫోటోలు వేసి చూశాను. అది అన్నింటినీ కలిపి ఒకే మూట కట్టింది. మూట లోపల ఎవరున్నారో ఆ సాఫ్ట్‌వేర్ ఉంటే తప్ప కనబడదు. ఆపా తల అడ్డంగా ఊపింది.

"సంచి మూతి కుట్టేసినట్టుంది. రేపు ఈ సాఫ్ట్‌వేర్ కూడా పోతే? ఎవలింటి టీవీ కాడ పెట్టినా మొకం కనపడాలె."

మూడోది పదిహేను రోజుల తరువాత పనిచేయనని ముందే చెప్పింది. "పదిహేను దినాల్ల ఎవలు పోతరో ముందే ఎట్ల తెలుస్తది?" అన్నాడు జహూర్ భాయ్. "నువ్వు ఆ సాఫ్ట్‌వేరోనికి ఫోన్ చేసి అడుగు బేటీ."

గురువారం నాలుగోది దొరికింది. చూడగానే ఇద్దరికీ నచ్చింది. ఎడమ వైపు ఒక పెట్టె, కుడి వైపు ఒక పెట్టె, మధ్యలో బాణం. ఎడమ పెట్టెలో కంప్యూటర్‌లోని ఫోల్డర్, కుడి పెట్టెలో డిస్కు.

"ఇదీ! ఈడ నుంచి ఆడికి. ఎవలికైనా తెలుస్తది" అంది ఆపా.

ఎడమ పెట్టెలో ఆ ఏడుగురి ఫోల్డర్ పెట్టాను. కుడి పెట్టెలో డిస్కు పెట్టాను. కొత్త డిస్కు మీద ముందు ప్రయత్నిస్తే మంచిదేమో అనుకున్నాను. కొత్త డిస్కు లేదు. ఖమ్మంలో కూడా ఇప్పుడు ఎవరూ అమ్మడం లేదని అతీక్ అన్నాడట. ఉన్నది ఈ ఒక్కటే. బాణం కింద మూడు వరుసలున్నాయి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. మూడోది చదివితే, రెండు వైపులా ఒకేలా ఉండేలా చూస్తాను అని దాని అర్థం. నాకు అది మంచి మాటలా వినిపించింది. ఒకేలా ఉండడం ఎప్పుడూ మంచిదే కదా అనుకున్నాను. అది ఎంచుకున్నాను.

ఇంకో చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో పొడుగాటి వాక్యం. ఒకసారి చదివాను. మూలంలో లేనివి గమ్యంలో ఉంటే ఏం చేయాలో దాని గురించి. రెండోసారి చదువుదామనుకున్నాను. ఈలోగా గుమ్మంలో నలుగురు నిలబడ్డారు. పాస్‌బుక్ ఫోటోలకి వచ్చినవాళ్లు. బస్సుకి వేళవుతోందని ఒకామె గొణుగుతోంది. వాళ్లంతా నన్ను చూస్తున్నట్టు అనిపించింది. ఆపాని పిలిచి ఆ వాక్యం తెలుగులో చెప్పి ఉంటే ఒక్క క్షణంలో ఆమె వద్దని ఉండేది. నాకు వాక్యం అర్థం కాలేదని అంతమంది ముందు చెప్పడం సిగ్గనిపించింది. అవును అని నొక్కాను.

డిస్కు కాసేపు గిర్రున తిరిగింది. అయిపోయిందని చెప్పింది. ఆపా ఫోటోలు తీయడం ముగించి వచ్చి నా భుజం మీదుగా వంగింది. డిస్కు తెరిచాను.

ఏడు ఫోటోలు.

"కొత్తోళ్లు వచ్చిన్రు. మరి పాతోళ్లు?" అంది.

కిందికి జరిపాను. కిందికి ఏమీ లేదు. మళ్లీ తెరిచాను. డిస్కు బయటికి తీసి, మళ్లీ పెట్టాను. ఏడు. ఆపా నా చేతిలోంచి డిస్కు తీసుకుని వెలుతురులో పట్టుకుని చూసింది. చీర కొంగుతో తుడిచింది.

"వెనుకకు వడ్డరేమో. తిప్పి పెట్టు బేటీ."

తిప్పి పెడితే ఏమీ రాదని తెలిసే తిప్పి పెట్టాను. ఏమీ రాలేదు.

అతీక్‌కి ఫోన్ చేశాం. నేను చెప్పిందంతా విని, అతను మెల్లగా విషయం విడదీసి చెప్పాడు. ఎడమ పెట్టెలో ఏడుగురే ఉన్నారు కాబట్టి, కుడి పెట్టెలో కూడా ఏడుగురినే ఉంచింది. ఒకేలా ఉంచమని మనమే చెప్పాం. మిగిలిన నాలుగు వందల పన్నెండు మందినీ తుడిచేసింది. వాళ్లు కంప్యూటర్‌లో కూడా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. అందరూ అలాగే రెండు చోట్లా పెట్టుకుంటారు.

"రెండు తావుల ఎందుకుంటరు? పోయినోళ్లు ఒక్క తావునే ఉంటరు కదా" అంది ఆపా.

"మళ్ల మళ్ల రాసే డిస్క్ అంటెనే గంతే అత్తా. పలక లెక్క. తుడుస్తరు, రాస్తరు."

"పలక మీద మనుషులను రాస్తరారా ఎవలన్న?"

అతీక్ తుడిచినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పాడు. దానితో వెతికితే పేర్లు కొన్ని వచ్చాయి, సగం సగం అక్షరాలతో. ఒక్కటీ తెరుచుకోలేదు. ఒకటి సగం తెరుచుకుంది. దాని మీద బూడిద రంగు గీతలు, ఒక మూల ఎవరిదో చెవి.

నేను ఏడ్చాను. ఆపా ఏడవలేదు, తిట్టలేదు. మధిర మాట కూడా బయటికి రాలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. డిస్కుని కవరులో పెట్టింది. పైన రాసి ఉన్న "పోయినోళ్లు" అన్న మాటని కాసేపు చూసింది.

"రేపు కమ్లి వస్తది" అంది.

"సంతకు రావద్దని ఫోన్ చేయనా?" అన్నాడు జహూర్ భాయ్.

"ఏమని చేస్తవ్? మీ యాడి ఊరికి పోయింది, పై వారం వస్తది అనా?"

శుక్రవారం నేను వెళ్లకుండా ఉండిపోదామనుకున్నాను. వెళ్లాను. కమ్లి పదకొండింటికి వచ్చింది. ఒక చేతిలో ఉల్లిగడ్డల సంచి, ఇంకో చేతిలో ఫ్రేముకి వేయడానికి కొన్న ప్లాస్టిక్ పూల దండ. స్టూలు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, "ఊ, తియ్యి ఆపా" అంది. ఆపా దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నా పేరు మాత్రం ఎత్తలేదు. "నా తాన తప్పయింది" అంది. నేనే అన్నాను, నొక్కింది నేనని. కమ్లి నన్ను చూసి, ఆపాని చూసి, దండని చూసుకుంది.

"గోదారి వచ్చినా పోలె కదా ఆపా. గోదారి ఇడిచిపెడితే మీరిద్దరు కలిసి ముంచిన్రా?"

జహూర్ భాయ్ కౌంటరు దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ఆధార్ ఫోటో ఉంటది కదా" అన్నాడు జహూర్ భాయ్.

"కార్డు గుడిసెతోనే పోయింది భాయ్. ఉన్నా, ఆధార్‌ల మా యాడి మా యాడి లెక్క ఉంటదా? అండ్ల అందరు దొంగల లెక్కనే ఉంటరు."

కమ్లి లేచింది. ఉల్లిగడ్డల సంచి తీసుకుంది. దండ స్టూలు మీదే వదిలేసింది. గుమ్మం దాకా వెళ్లిన మనిషిని ఆపా ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు హాస్టల్‌ల ఎప్పుడు చేరినవే?"

"ఇప్పుడు గదెందుకు?"

"చెప్పు ముందు."

"మూడో తరగతిల. నాకు తొమ్మిదేండ్లు. వానలు అప్పుడే వడుతున్నయ్."

ఆపా నన్ను లేపి తాను కుర్చీలో కూర్చుంది. రెండువేల ఎనిమిది, జూన్. ఫోల్డర్ తెరిచి గబగబా జరిపింది. హాస్టల్ ఫోటోల కోసం వచ్చిన పిల్లలు, తడి జుట్లు, కొత్త చొక్కాలు. ఆ నెలలో వెనక తెర వేలాడే ఇనుప కడ్డీ విరిగిందనీ, బాగుచేయించేదాకా ఎవరి పిల్లలకి వాళ్లే తెర పట్టుకున్నారనీ జరుపుతూనే చెప్పింది. ఒక చోట ఆగింది.

నీలం గుడ్డ. దాని ముందు ముక్కు చీమిడి తుడుచుకున్న తొమ్మిదేళ్ల కమ్లి, మొహం చిట్లించి. గుడ్డ రెండు అంచులూ పట్టుకున్న రెండు చేతులు, మోచేతుల దాకా గాజులు. గుడ్డకి పైన, ఫోటోలో రాకూడదని తెలియని ఒక మొహం. కూతురికి చెప్పిన మాట తాను కూడా విని, ఊపిరి వదిలేసిన మొహం. పళ్లు కొంచెం కనబడుతున్నాయి. నవ్వుతోందో, చేతులు నొప్పి పుట్టి ఇక చాలంటోందో చెప్పడం కష్టం. హాస్టల్‌కి ఇచ్చిన ఫోటోలో ఇదంతా కత్తిరించి పోయింది. కంప్యూటర్‌లో మాత్రం ఉంది. కమ్లి బతికే ఉంది కాబట్టి.

కమ్లి సంచి కింద పెట్టింది. తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వచ్చింది.

"గాజులు నావే ఇప్పుడు" అంది.

ఆపా పని మొదలుపెట్టబోయి ఆగింది. ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. తల్లిని మాత్రం కత్తిరించి పెద్దది చేస్తే మెడ దాకానే వస్తుంది, కింద అంతా కూతురి తల. కత్తిరించకుండా ఉంచితే దండ వేయకూడదు. బతికి ఉన్న మనిషి ఉన్న ఫోటోకి దండ ఎలా వేస్తారు? బొట్టు పెట్టినా ఎవరికి పెట్టినట్టు? జహూర్ భాయ్ దండని ఫ్రేములో సగానికే వేయొచ్చేమో అన్నాడు. "ఏంటండీ మీ గోల" అంది ఆపా. ముందు రోజు నుంచి బయటికి రాని ఆ మాట విని నాకు ప్రాణం లేచివచ్చింది.

"తియ్యకు. నన్ను ఉండనియ్యి" అంది కమ్లి. "దండ ఎయ్య. ఊకెనే గోడకు పెడత. ఎవలన్న అడిగితే, మా యాడి నాకు పరదా పట్టుకున్నది అని చెప్త."

"మరి బుధవారం ముంగట పట్టుకుని పోవాల్నంటివి?"

"పోత. నన్ను నేనే పట్టుకుని పోత. ఎవలన్న వద్దంటరా?"

ఫ్రేము కట్టేసరికి మధ్యాహ్నం దాటింది. కమ్లి దాన్ని తుండుగుడ్డలో చుట్టుకుంది. పోతూ పోతూ దండని నా ఒళ్లో పడేసింది. "నువ్వు ఉంచుకో. చదువుకున్నవ్ కదా" అంది. అది ఎగతాళో, క్షమించడమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె వెళ్లాక ఆపా కంప్యూటర్ ముందే కూర్చుని ఉంది. తెర మీద ఆ ఫోటో ఇంకా తెరిచే ఉంది. ఫ్రేము ఇచ్చాక చేసే పని ఒకటి ఉంది కదా.

"దీన్ని ఏడ పెట్టాలె?" అంది. "తల్లి ఆడికి పోవాలె. బిడ్డ ఈడ ఉండాలె."

ఇంకోసారి జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె మౌస్ పట్టుకుని కొంతసేపు అటూ ఇటూ కదిపింది. చివరికి ఫోటోని డిస్కులో పెట్టమంది. మూడో వరుస వైపు చూడకుండా, ఒక్క ఫోటోని మామూలుగా పట్టుకుని అందులో వేశాను. ఏడు కాస్తా ఎనిమిదైంది. కంప్యూటర్‌లోంచి తీసేయనా అని అడిగాను.

"వద్దు. ఈడ కూడా ఉండనియ్యి."

"అతీక్ చెప్పింది ఇదే ఆపా. రెండు చోట్లా ఉంచితే దాన్నే బ్యాకప్ అంటారు."

"గంతేనా? మరి మూడు దినాలు ఏం ఎతికినవే?"

ఆ తరువాతి సంత రోజు నుంచి స్టూడియోకి ఫ్రేములు రావడం మొదలైంది. ఎవరు చెప్పారో, సంగతి వాగు దాటింది. తువ్వాళ్లలో, ఎరువుల సంచుల్లో, ఒకరైతే దుప్పట్లో చుట్టి, గోడల మీది మనుషులని దించి తెస్తున్నారు. ఆపా ఒక్కొక్క ఫ్రేముని కుర్చీలో నిలబెట్టి మళ్లీ ఫోటో తీస్తోంది. అద్దం మీద ఏళ్లుగా పెట్టిన బొట్లున్నాయి, ఎండి పెచ్చులు కట్టి. నేను తుడవబోతే చెయ్యి పట్టుకుంది. "నువ్వు పెట్టినవా, తుడుస్తున్నవ్?" అంది. దాంతో ఇప్పుడు వాళ్లందరూ నుదుటి మీద అసలు బొట్టు ఒకటి, అద్దం మీది బొట్టు ఇంకొకటి, రెండింటితో ఉన్నారు. రాని ఫ్రేములు చాలా ఉన్నాయి. వరదలో పోయినవి కొన్ని, ఊళ్లు మారినవి కొన్ని. వాటిని ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

పోయిన శుక్రవారం జంపయ్య వచ్చాడు. ముసలివాడైపోయాడు. కొడుకు ఫ్రేముని ఛాతీకి ఆనించి పట్టుకుని తెచ్చాడు. ఆపా దాన్ని కుర్చీలో పెట్టి, అలవాటు చొప్పున "దమ్ము..." అనబోయి ఆగి, ఫోటో తీసింది. డిస్కులో వేసింది. తరువాత ఆమె చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. కంప్యూటర్‌లో కూడా ఉంచాలి, లేకపోతే మళ్లీ అదే తప్పవుతుంది. కంప్యూటర్‌లో ఉంచితే, ఈ మనిషి మళ్లీ ఎప్పుడైనా పాత ఫోటోకి వస్తే, మధ్యలో కనబడతాడు.

"కనపడకుండ దాచే ఫోల్డర్ ఏమన్న ఉంటదా బేటీ?" అని నా చెవిలో అడిగింది.

మెల్లగానే అడిగింది కానీ, జంపయ్యకి వినబడింది.

"ఎందుకు దాచుడు? ఆడనే ఉండనియ్యి" అన్నాడు. "ఎప్పుడన్న వస్తే చూస్త. ఇంట్ల ఫ్రేముల వాడు ఎప్పుడు నన్నే చూస్తడు. ఈడనైతే నడుమల నడుమల కనపడతడు."

ఆపా నా వైపు చూసింది, నాకేదో తెలుసునన్నట్టు. నేను ఆమె వైపు చూశాను. అప్పటికే ఆయన కుర్చీలోంచి ఫ్రేము తీసుకుని, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"పింఛన్ కార్డుకు ఫోటో గావాలె. నన్ను కూడా తియ్యి" అన్నాడు.